తెర గీత మీద ఫోటో

"ముడి ఎవరు కట్టిర్రు?"

"నేనే."

"ఇప్పిందెవరు?"

అడుగుతున్నది స్వరాజ్యం. యేసురత్నం తల దించుకున్నాడు. బేడీలు వేసిన చేతులు ఒళ్లో పెట్టుకుని రంగస్థలం చెక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి. శంషాబాద్ రాజారాం నాటకశాలలో తెర లాగే పనికి కుదిరిననాటికి పద్దెనిమిదేళ్లు. నిన్న, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల ముప్పై ఒక్క నిమిషానికి, ఆ తెర ఇనుప పైపుతో సహా వచ్చి వీరేందర్ అనే స్టాండప్ కమెడియన్ నెత్తిన పడింది. దవాఖాన చేరేలోపే వాడి ప్రాణం పోయింది.

స్వరాజ్యం వాచీ చూసుకుంది. పదకొండూ పది. ఒంటిగంటకు ముసలాయనను మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. అక్కణ్నుంచి జైలు. ఆ తర్వాత ఈ ఫైలు ఎవడూ తెరవడు. ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు శాఖలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇప్పుడామె సొంతంగా దర్యాప్తులు చేస్తుంది. పొద్దున ఏడింటికి యేసురత్నం కూతురు షెకీనా జల్‌పల్లిలోని ఆమె ఇంటి తలుపు కొట్టి, లాయరు రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టి, "మా బాపు ఎవ్వల మీద చెయ్యెత్తిన మనిషి కాదు" అని ఏడ్చింది. ఏడుపు ఆపి ఎయిర్‌పోర్టులో డ్యూటీకి పొమ్మని పంపేసింది స్వరాజ్యం.

"అయిపోయిందా, స్వరాజ్యమ్మా?"

ఇన్‌స్పెక్టర్ శేఖర్ ముందు వరస కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కొత్తగా ఎస్సై అయి వచ్చిన రోజుల్లో పంచనామా రాయడం అతనికి నేర్పింది ఆమే. అతను నేర్చుకోలేదు, అది వేరే సంగతి.

"నువ్వేమని రాసుకున్నవో చెప్పు శేఖర్."

"సార్ అనాలె."

"రిటైరైన. అనే అవుసరం లేదు. చెప్పు."

శేఖర్ వేళ్లు మడిచాడు. "ఒంటిగంటకు షో మొదలైంది. వీరేందర్ ఈ ముసలాయన వంగిన నడుము మీద నాలుగు జోకులేసిండు. నాలుగు వందల మంది నవ్విర్రు. ఒకటీ యాభైకి ఈయన లేచి బయటికి పోయిండు. మళ్ల ఎప్పుడు లోపలికొచ్చిండో చూసినోళ్లు లేరు. షో అయిపోంగనే తాడు గుంజిండు. ఆ ముడి ఈయనకు తప్ప ఇంకొకరికి రాదు, ఆ మాట ఆయన నోటితోనే చెప్పిండు. ఇంకేం కావాలె నీకు?"

"నాకు కావాల్సింది నీ తలకాయల దొరికేది కాదు తియ్యి."

పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ జంగమ్మ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

స్వరాజ్యం లేచి రంగస్థలం కొలిచినట్టు నడిచింది. తొంభై ఏళ్లు దేవుళ్ల వేషాలు తిరిగిన చెక్కల వెనక ఇప్పుడు పసుపు రంగు బ్యానరు వేలాడుతోంది. 'నవ్వకపోతే వాపస్' అని షో పేరు, దాని కింద నోరంతా తెరిచిన వీరేందర్ బొమ్మ. ఆమె దాని వైపు వీపు పెట్టింది. వేదిక అంచుకు మూడడుగుల లోపల, చెక్కల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక గాడి. తెర దిగి ఆనే చోటు. అందరూ దాన్ని తెర గీత అంటారు. గీత నడుమ నిన్నటి రక్తం ఎండి నల్లబడింది. జనానికి ఎదురుగా నిలబడితే ఎడమ గోడకు, లైటు పడని మూల, భుజం ఎత్తున, ఒక టేకు కొయ్య. పైన కప్పీల మీదుగా దిగిన తాడు ఆ కొయ్యకు మూడు చుట్లు చుట్టి ఉంది. వీడియో తీయడానికని శేఖర్ పొద్దున ముసలాయన చేత తెర మళ్లీ ఎత్తించి, అదే ముడి కట్టించాడు. పైపు ఇప్పుడు పద్దెనిమిది అడుగుల ఎత్తున ఉంది.

"ఈ ముడి దానంతటది జారుతదా?" అని అడిగింది.

"జారదు మేడం. నాటకంల పద్యం అయిపోంగనే తెర పడాలె. ఒక్క క్షణం ఆగినా జనం ఈలలేస్తరు. అందుకని గిట్ల కడుతం. ఈ తాడు తోక గుంజితే ఒక్క దెబ్బకు ఇడుస్తది. గుంజకపోతే ఇద్దరు మనుషులు ఏలాడినా ఇడువది." యేసురత్నం గొంతు తగ్గించాడు. "కాని నిన్న తోక సక్కగ దోపిన్నో లేదో. నలభై ఆరేండ్లల్ల ఎన్నడు తప్పలే. నా చేతుల్నే పాపమున్నది."

"ఒంటి చేత్తో ఇప్పొచ్చా?"

"ఇప్పొచ్చు."

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"నాకే." కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

అబద్ధం. అలవాటు లేనివాడు చెప్పిన అబద్ధం ముఖం మీదే ఉండిపోతుంది. తనను తాను ఇరికించుకునే అబద్ధం ఈ మనిషి ఎందుకు చెబుతున్నాడో స్వరాజ్యానికి అంతుపట్టలేదు. అప్పటికి వదిలేసింది.

"ఒకటీ యాభైకి ఎందుకు లేచి పోయినవు? నీ నడుము మీద జోకులేసిండనా?"

"వంగిందన్నడు. వంగిందే గద. దానికి నాకేం బాధ?"

"మరెందుకు పోయినవు?"

యేసురత్నం బేడీల గొలుసు సవరించుకున్నాడు.

"సరే. ఈ గీత మీద ఎవరన్న నిలవడంగ ఎన్నడన్న చూసినవా?"

ముసలాయన మొదటిసారి తలెత్తి, ఏదో కానిమాట విన్నట్టు చూశాడు. "గీత మీదనా? ఎవ్వలు నిలవడరు మేడం. పిల్లలకు ఏషం కట్టకముందే నేర్పేది గది. గీతకు ముంగటన్న ఉండాలె, ఎనుకనన్న ఉండాలె. ఇగ జనానికి ఈపు పెట్టుడు అసలే లేదు."

"వీరేందర్ గీత మీదనే, జనానికి వీపు పెట్టే నిలవడ్డడు. ఎందుకు శేఖర్?"

"ఫోటోకు. షో అయినంక జనమంత ఎనుక కనవడేటట్టు ఒక ఫోటో దిగుతరు. కమెడియన్లందరు చేసే పనే."

"అది ఈయనకు తెలుసా?"

"గది అందరికీ తెలిసిందే."

"నాకు తెల్వదు. పొద్దున ఆటోల వచ్చుకుంట ఫోన్ల చూసి తెలుసుకున్న. ఈయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఇంతకుముందు ఇటువంటి షో ఈ హాలుకు రాలే. మరి తాడు గుంజినోళ్లకు ముందే తెలియాలె గద, వీరేందర్ వచ్చి ఈ గీత మీదనే నిలవడుతడని? వీరేందర్ షోల కోసం ఇరవై రెండు ఊర్లు ఎంబడి తిరిగినోళ్లకైతే తెలుస్తది."

వెంబడి తిరిగినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ సామాన్లు సర్దుకుని పక్క గదిలో కూర్చుని ఉన్నారు. రెండూ యాభైకి వాళ్ల బెంగళూరు విమానం. అందులోనే వీరేందర్ శవపేటిక కూడా వెళ్తుంది.

ముందు చందు వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు, డబ్బిచ్చి కొనుక్కున్న చిరుగు.

"నీ పనేంది?"

"ఓపెనర్‌ను మేడం. వీరన్న కంటె ముందు పది నిమిషాలు జోకులు చెప్పి జనాన్ని గరం చేస్త. పెండ్లి బరాత్‌ల బ్యాండోళ్ల లెక్క. పిలగానికంటె మాకే చెమటెక్కువ."

ఆమె నవ్వలేదు. అతను కాళ్లు మార్చి నిలబడ్డాడు.

"షో అయిపోయేటప్పుడు ఏడున్నవు?"

"గేటు కాడ. జోకులు రికార్డు చెయ్యకుండ జనం ఫోన్లన్ని సంచులల్ల పెట్టి తాళమేస్తం. పోయేటప్పుడు తియ్యాలె. నాలుగు వందల సంచులు."

"అది రోజూ నీ పనేనా?"

"కాదు. హాలోళ్ల పని. నేను ఫోటో తీస్త. నిన్న ప్రియక్క, జనం తోసుకుంటరు, నువ్వు గేటు కాడికి పో, ఫోటో నేను తీస్త అన్నది."

"తీసిందా?"

"తీసింది గద." చందు తన ఫోన్ తెరిచి ఇచ్చాడు. "అక్క ఫోన్ల తీసింది నా ఫోన్లకు దానంతటదే వస్తది. మా పేజీల పెట్టేది నేను. ఇది పెట్టబుద్ధి గాలే."

స్వరాజ్యం ఆ ఫోటోను చాలాసేపు చూసింది. రెండు వేళ్లతో పెద్దది చేసి ఒక్కో మూలా చూసింది.

"ఇది ఇన్‌స్పెక్టర్‌కు చూపిచ్చినవా?"

"అడగలే."

"అడగలేదట," అంది ఆమె, శేఖర్ వైపు చూడకుండానే. ఫోన్ తన చీర కొంగులో చుట్టి పట్టుకుంది.

ప్రియదర్శిని తర్వాత వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. వీరేందర్‌కు భార్య, అతని షోలకు మేనేజరు. కళ్లు ఎర్రగా లేవు. చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు.

"ఫోటో తియ్యడానికి ఏడ నిలవడ్డవమ్మా?"

"స్టేజీకి సరిగ్గా మధ్యలో, కొంచెం వెనగ్గా నిలబడ్డానండి. కానీ తీయలేదు. తీసేలోపే పడిపోయింది. ఇన్‌స్పెక్టర్ గారికి రాసి ఇచ్చాను."

"రాసిచ్చింది," అన్నాడు శేఖర్. "మొగుడు పోయిన మనిషిని ఎన్నిమాట్ల అడుగుతవు?"

"నిజం చెప్పేదాంక. ఆ బుక్కేంది?"

"షో నోట్సు. ఏ జోకుకి ఎన్ని సెకన్లు నవ్వారో పక్కన నిలబడి రాస్తాను. తక్కువ నవ్వినవి తీసేస్తాం."

స్వరాజ్యం చెయ్యి చాపింది. ప్రియదర్శిని ఒక్క క్షణం తటపటాయించి బుక్కు ఇచ్చింది. ఒక్కో ఊరికి ఒక్కో పేజీ. జోకు పేరు, ఎదురుగా సెకన్లు. అన్నిటికంటే పెద్ద అంకె ప్రతి పేజీలోనూ ఒకే జోకుకు ఉంది. 'కడుపు'. గుంటూరు పదకొండు. వరంగల్ తొమ్మిది. తిరుపతి పన్నెండు. నిన్నటి పేజీలో ఆ పేరు రాసి ఉంది. ఎదురుగా అంకె లేదు. దాని కింద ఇంకేమీ రాసి లేదు.

"ఇదేం జోకు?"

ప్రియదర్శిని ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంకా అక్కడే నిలబడ్డ చందు నేల చూస్తూ చెప్పాడు. "పోయినేడు అక్కకు అయిదో నెలల కడుపు పోయింది మేడం. వీరన్న అది షోల పెట్టిండు. అక్క వద్దన్నది. మస్తు నవ్వుతుర్రు, తీసేది లేదన్నడు."

"షోల ఎప్పుడొస్తది?"

"యాభై నిమిషాలకు."

ఒంటిగంటకు మొదలైన షో. ఒకటీ యాభై. స్వరాజ్యం యేసురత్నం వైపు చూసింది. ముసలాయన గడ్డం గుండెకు ఆనింది.

చచ్చినవాడి మీద ఆమెకు జాలి లేదు. కట్టుకున్నదాని కడుపుకోతను ఊరూరా టికెట్ పెట్టి అమ్మి, దాని పక్కన సెకన్లు కూడా ఆమె చేతే వేయించాడు. పన్నెండు సెకన్లు నవ్విన జనం మీదా ఆమెకు గౌరవం లేదు. కానీ ఆ లెక్క తేల్చుకున్న మనిషి, బేడీలు మాత్రం ఇంకొకరి చేతులకు వేయించి విమానం ఎక్కబోతోంది.

"శేఖర్, ఒక మనిషి గీత మీద నిలవడాలె. ఈమె ఫోటో తీస్తది."

"దాంతోని ఏమొస్తది?"

"ఏం రాకపోతే నేను ఇంటికి పోత."

ఆ మాట శేఖర్‌కు నచ్చింది. టోపీ సర్దుకుని, తనే వచ్చి గీత మీద, కుర్చీలకు వీపు పెట్టి నిలబడ్డాడు. "అయిదు నిమిషాలు. తర్వాత నువ్వు ఇంటికి, ఈయన కోర్టుకు."

ప్రియదర్శిని వేదిక మధ్యలో నిలబడి ఫోటో తీసింది. ఆమె ఫోన్ పక్కన స్వరాజ్యం చందు ఫోన్ పెట్టింది. హాలు వెనక గోడకు నాటకశాల కట్టించిన రాజారాం దొర పటం ఉంది, ఆరడుగుల నూనెరంగుల పటం. ఇప్పుడు తీసిన ఫోటోలో దొర నిండుగా ఉన్నాడు. చందు ఫోన్‌లోని ఫోటోలో సగమే ఉన్నాడు. మిగతా సగాన్ని బాల్కనీ మోసే ఇనుప స్తంభం కప్పేసింది.

"ఇది..." ప్రియదర్శిని ఆగింది. "నేను డిలీట్ చేసేశాను ఇది."

"నీ ఫోన్ల తీసేసినవు. పిలగాని ఫోన్ల ఉన్నది. తియ్యలేదని రాసిచ్చినవు గద? ఫోటో అయితే గాని షో అయినట్టు గాదు మీకు. నాలుగు వందల మంది పండ్లన్ని చూపిచ్చి నిలవడితే, ఏలు ఊకోలే. నొక్కినవు." స్వరాజ్యం చేత్తో చూపించింది. "ఫోన్ అట్లనే పట్టుకుని ఎడమకు జరుగు."

ప్రియదర్శిని కదలలేదు.

"జరుగమ్మా. మధ్యల నిలవడ్డనన్నవు. అబద్ధం కాకపోతే జరగనీకి భయమెందుకు?"

ఒక అడుగు. రెండు. ఆమె ఫోన్‌లో స్తంభం పటం అంచును తాకింది. నాలుగు, అయిదు. దొర భుజం పోయింది. ఏడో అడుగుకు దొర ముఖం నిలువునా సగానికి కోసినట్టయింది. రెండు ఫోటోలూ ఒకటయ్యాయి. ప్రియదర్శిని ఎడమ భుజం టేకు కొయ్యకు ఆని ఉంది.

"ఇగ ముందు వరస చూడు శేఖర్." స్వరాజ్యం చందు ఫోన్ ఎత్తి పట్టుకుంది. "అందరు ఫోన్ దిక్కు చూస్తుర్రు. ముగ్గురు మాత్రం నోరు తెరిచి పైకి చూస్తుర్రు. ఎందుకు? ఫోటో పడేటప్పటికే పైపు కదిలింది. ఆ క్షణంల కొయ్య కాడ ఎవరున్నరు? ఫోటో తీసేవాళ్లు. కుడి చేతిల ఫోను. ఎడమ చెయ్యి ఖాళీ. ముడికి ఒక చెయ్యి చాలు."

శేఖర్ ముఖంలో ఒక్కొక్కటే వెలుగుతోంది, ఆలస్యంగా.

"ఇన్‌స్పెక్టర్ గారూ, కదలకండి."

ప్రియదర్శిని గొంతు పెరగలేదు. ఆమె ఎడమ చెయ్యి మాత్రం కొయ్య మీద ఉంది. తాడు తోక ఆమె గుప్పిట్లో ఉంది. పద్దెనిమిది అడుగుల పైన, శేఖర్ టోపీకి సరిగ్గా నెత్తిన, పైపు ఉంది.

"మేడం, ఆ ఫోన్ నేల మీద పెట్టి ఇటు జరపండి."

"జరిపితే?"

"నేను వెళ్లిపోతాను. నా ఫ్లైట్ రెండూ యాభైకి."

"ఈయన?" స్వరాజ్యం యేసురత్నాన్ని చూపింది.

"ఆయనకి మంచి లాయర్ని పెడతాను."

"ఇందాక నీ పేజీలు చూసి నా మనసు జర మెత్తవడ్డది," అంది స్వరాజ్యం. "నువ్వు నన్ను ఎక్కువసేపు పరేషాన్ కానియ్యలే. మళ్ల గట్టివడ్డది."

శేఖర్ పెదాలు తడుపుకున్నాడు. "స్వరాజ్యమ్మా, ఇచ్చెయ్. ఫోనే గద. ఇచ్చెయ్."

హత్య కేసులో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఇచ్చెయ్యమంటున్నాడు ఇన్‌స్పెక్టర్. స్వరాజ్యం అతని వైపు చూసిన చూపుకు మామూలు రోజైతే అతను తల దించుకునేవాడు. ఇప్పుడు తల కదపడానికి కూడా భయపడుతున్నాడు.

బేడీలు గలగలమన్నాయి. యేసురత్నం లేచాడు. రోజూ పనికి నడిచే నడకే. ఎవరినీ అడగలేదు, తొందరపడలేదు. ప్రియదర్శిని దగ్గరికి వెళ్లి, కొయ్యకు పైన, రెండు చేతులతో తాడు పట్టుకుని, ఒక పాదం గోడకు తన్ని పెట్టాడు.

"బరువు నీకాగది బిడ్డా. జరుగు."

ఆమె తోక లాగింది.

మూడు చుట్లూ ఒక్క విసురున విడిపోయాయి. పైపు రెండు మూరలు దిగింది. తాడు ముసలాయన అరచేతుల్లోంచి జర్రున జారి, ఆగింది. ఆయన గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది, అంతే. శేఖర్ గీత మీది నుంచి దూకి కుర్చీల మధ్య బోర్లా పడ్డాడు. జంగమ్మ రెండంగల్లో ప్రియదర్శినిని చేరి, రెక్కలు వెనక్కి విరిచి పట్టుకుంది. ప్రియదర్శిని పెనుగులాడలేదు. ముసలాయన చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది.

"కట్టెయ్ యేసురత్నం," అంది స్వరాజ్యం.

"ఎట్ల కట్టాలె మేడం? ఈ బేడీలతోని తాడు కొయ్యకు తిప్పరాదు. పొద్దున ఇప్పిర్రు కాబట్టి కట్టిన."

"తాళంచెవి ఏది శేఖర్?"

శేఖర్ లేచి మోకాళ్లు దులుపుకుంటున్నాడు. చెమట తుడుచుకున్నాడు. గొంతు తిరిగొచ్చింది. "ఆగు. ఒకటి అడగాలె. ఈ ముడి నీకొక్కనికే వచ్చన్నవు గద? ఈమెకెట్ల వచ్చింది?"

"తర్వాత అడుగు," అంది స్వరాజ్యం. "ముందు బేడీలు తియ్."

కానీ యేసురత్నం అప్పటికే జవాబు చెబుతున్నాడు. దాచుకున్న మాట ఇక దాచలేనివాడిలా, తాడు వైపే చూస్తూ. "నేనే నేర్పిన సార్. నిన్న పొద్దుగాల వచ్చి, మంచిగ కడుతున్నవు బాపూ, నాకు చూపియ్యవా అన్నది. ఇన్నేండ్లల్ల ఈ ముడి గురించి ఎవ్వలు అడగలే. మూడుమాట్ల చూపిచ్చిన. షోల ఆయన ఆ కడుపు ముచ్చట చెప్పి నవ్విచ్చేటప్పుడు ఈ బిడ్డ రాసుడు ఆపింది. తాడు దిక్కు చూసింది. నేను చూసిన. ఉండబుద్ధి గాలే, బయటికి పోయిన. ఉండాల్సింది. అందుకే నా చేతుల్నే పాపమన్న."

స్వరాజ్యం కళ్లు మూసుకుంది. ఆ నాలుగు మాటలు ఎలాంటి చెవిన పడ్డాయో ఆమెకు తెలుసు.

శేఖర్ వేదిక ఎక్కి వచ్చాడు. అతని టోపీ చెక్కల మీద పడి ఉంది. వంగి తీసుకుని, మోచేత్తో దుమ్ము తుడిచి, తలకు పెట్టుకున్నాడు. ఇప్పుడు మళ్లీ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు.

"జంగమ్మా, ఇన్నవు గద. ఏ1 ప్రియదర్శిని. ఏ2 యేసురత్నం. ముడి నేర్పినట్టు, సంగతి తెలిసీ కావాలని బయటికి పోయినట్టు నా ముంగట ఒప్పుకున్నడు. ఒంటిగంటకు ఇద్దరినీ కోర్టుల పెడదాం. బేడీలు తీసుడు లేదు."

"సార్," అంది జంగమ్మ, "ఆయన చేతులు..."

ముసలాయన అరచేతుల్లోంచి రక్తం కారి, బేడీల మీదుగా మోచేతుల దాకా వచ్చింది.

"శేఖర్," అంది స్వరాజ్యం. "ఆ మాట ఇంకొకసారి అను. అనేముందు ఏడ నిలవడ్డవో చూసుకో."

శేఖర్ కిందికి చూశాడు. రెండు బూట్లూ గాడి మీద ఉన్నాయి. మెల్లగా తలెత్తి పైకి చూశాడు.

తాడు ఆపి పట్టుకున్న యేసురత్నం చేతులు వణకడం మొదలైంది.